సత్రం బయట మన మజిలీలు

బెంగళూరు–హైదరాబాదు రహదారి మీద పెనుకొండ వైపు వెళ్తుంటే దాబాలు, హోటళ్లు, లాడ్జీలు వరుసగా కనిపిస్తాయి. ఇప్పుడు ఎవరైనా వెళ్లి కూర్చుని తినవచ్చు. మన పెద్దల కాలంలో అలా లేదు. గుడిబండ ప్రాంత యువత ఈ చరిత్ర తెలుసుకోవాలని మేము కోరుకుంటున్నాము.

బాటసారికి నీడ, నీళ్లు ఇవ్వడం మన దేశంలో పాత ధర్మం. గుత్తికి దగ్గరలోని ఎర్రగుడి బండల మీద క్రీ.పూ. 3వ శతాబ్దం నాటి అశోకుని శాసనాలున్నాయి. దారుల వెంట మనుషులకూ పశువులకూ బావులు తవ్వించి, చెట్లు నాటించినట్లు వాటిలో ఉంది. తర్వాతి కాలంలో రాజులు, వర్తకులు సత్రాలు, చావళ్లు కట్టించారు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఏ మజిలీలో సత్రం ఉందో, ఎక్కడ అంగళ్లు, నీళ్లు దొరుకుతాయో ‘కాశీయాత్ర చరిత్ర’లో రాశారు. పూటకూళ్ల ఇళ్లలో డబ్బిచ్చి భోంచేసేవారు. అయితే చాలా చోట్ల అన్నం పెట్టేముందు కులం అడిగేవారు.

మరి ఆ దారుల్లో సరుకు మోసింది ఎవరు? అందులో మనవాళ్లది పెద్ద చేయి. సుగాలీలు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగారు. ఆ వృత్తిని ‘లదేణి’ అంటారు. 1632లో ఆగ్రా నుంచి పాట్నా వెళ్తున్న పీటర్ మండీ అనే ఇంగ్లీషువాడు 14,000 ఎద్దులున్న ఒక తాండాను చూసినట్లు రాశాడు. 1791–92లో టిప్పు సుల్తాను మీదికి వెళ్లిన కారన్‌వాలిస్ సైన్యానికి తిండిగింజలు చేర్చినవారిలో బంజారాలున్నారు. ఎరుకలవారు సముద్రతీరం నుంచి ఉప్పు తెచ్చి, లోపలి ఊళ్లలో ధాన్యానికి మారకం వేసేవారు.

వీళ్ల మజిలీ చెరువు గట్టు, చెట్టు నీడ. గోనెలు దించి, పశువులను కట్టేసి, పొయ్యి వెలిగిస్తే అదే వారి సత్రం. తాండా అంటే మొదట ఇలా కదిలే బిడారమే. స్థిరమైన ఊరు అనే అర్థం తర్వాత వచ్చింది.

1890ల్లో గుంతకల్లు–బెంగళూరు రైలు ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా నడిచింది. సరుకు రైలెక్కింది. ఎద్దుల బేరం పడిపోయింది. తర్వాత 1911 నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాజధానిలో అమలైంది. దాని కింద పేరు నమోదైన ఎరుకలవారు ఎక్కడ ఉంటున్నదీ, ఎక్కడికి వెళ్తున్నదీ పోలీసులకు చెప్పుకోవలసి వచ్చింది. తరాలుగా దారి మీద బతికినవారికి దారి పక్కన ఒక రాత్రి ఆగడమే అనుమానానికి కారణమైంది. మద్రాసు ప్రభుత్వం 1947లో ఆ చట్టాన్ని రద్దు చేసింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా అది పోయింది.

1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15(2) అధికరణం ప్రకారం దుకాణాలు, హోటళ్లు, ప్రజల బావులు, చెరువులు, రోడ్ల విషయంలో కులం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదు. ఉద్యోగ పరీక్షకో, ఇంటర్వ్యూకో వెళ్లినప్పుడు కులం తెలిసి ఎవరైనా గది లేదంటే తలవంచుకుని తిరిగి రావద్దు. ఈ అధికరణం పేరు చెప్పి అడగండి.

మా హాస్టళ్లలో పిల్లలకు మేము చెప్పే మాట ఒకటే: సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అవ్వాతాతలను కూర్చోబెట్టి అడగండి. మనవాళ్లు సిరా, మధుగిరి, హిందూపురం దారుల్లో ఎక్కడ దిగేవారు? ఏ చెరువు నీళ్లు తాగేవారు? ఏం మోసేవారు? వాళ్లు చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో రాయండి. సత్రం కట్టించినవారి పేర్లు శిలాఫలకాల మీద ఉన్నాయి. మన మజిలీల పేర్లు పెద్దల నోళ్లలోనే ఉన్నాయి.