నీరు, కన్ను, కంటి అద్దం

చెరువులో మునిగి కళ్ళు తెరిస్తే అంతా మసకగా కనబడుట ఈత వచ్చిన వారందరికీ తెలిసినదే. ఎందుకిలా అవుతుందో తెలుసుకొనుటకు పెద్దలు వందల ఏండ్లు శ్రమించారు. బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్న్ అల్ హైసమ్ పదకొండవ శతాబ్దం తొలినాళ్ళలో 'కితాబుల్ మనాజిర్' అనే గ్రంథం రాశారు. కంటి నుండి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయన్న పాత మాటను ఆయన కాదన్నారు. వస్తువు నుండి వచ్చే వెలుగే కంటికి చేరుతుందని చెప్పారు. ఆ గ్రంథం ఏడవ భాగంలో గాలి, నీరు, గాజుల మధ్య వెలుగు వంగుట గురించిన చర్చ ఉన్నది. దాని లాటిన్ అనువాదం 1572లో బాసెల్ నగరంలో అచ్చయినది.

కంటి ముందుండే అద్దంలాంటి పొరను మేము ఉర్దూ పాఠంలో ఖర్నియా అంటాము, ఇంగ్లీషులో కార్నియా. రెండు మాటలూ 'కొమ్ము' అనే అర్థం నుండి వచ్చినవే. పిల్లలకు ఈ సంగతి చెబితే ఇక మరచిపోరు.

మసకకు కారణం ఈ పొర దగ్గరే ఉన్నది. గాలిలో వెలుగును ఎక్కువగా వంచేది ఇదే. నీరు తగలగానే ఆ శక్తి దాదాపు పోతుంది. ఇంగ్లాండుకు చెందిన వైద్యుడు థామస్ యంగ్ దీన్ని తన కంటి మీదే పరీక్షించి 1801లో ప్రకటించారు. చిన్న గొట్టానికి అద్దం మైనంతో అతికించి, నీళ్ళు పోసి, కంటికి ఆనించుకొని చూశారు. కంటిని అంటి ఉండే లెన్సుకు ముత్తాత ఇదేనని మా అభిప్రాయం.

1888లో జ్యూరిక్‌లో డాక్టర్ ఫిక్ గాజు లెన్సులు చేయించి, ముందు కుందేళ్ళకు, తర్వాత తన కళ్ళకే పెట్టుకున్నారు. వాటిని ఎక్కువసేపు భరించుట కష్టం. మెత్తని లెన్సు కథ మరీ విచిత్రం. చెకోస్లోవేకియాలో ఒట్టో విఖ్టెర్లే చేస్తున్న పరిశోధనను పై అధికారులు ఆపించారు. ఆయన ఊరుకోలేదు. 1961 క్రిస్మస్ రోజుల్లో ఇంట్లోనే, పిల్లలు ఆడుకునే బిగింపు సామాను, సైకిల్ డైనమో కలిపి చిన్న యంత్రం చేసి లెన్సులు పోశారు! 1971లో అమెరికా ప్రభుత్వం ఈ రకం లెన్సులకు అనుమతి ఇచ్చింది.

ఈ లెన్సు నీటిని పీల్చుకుంటుంది. కంటికి హాయి అందుకే, ప్రమాదమూ అందుకే.

పడవ వెనుక తాడు పట్టుకొని నీటిపై జారే ఆట 1922లో మొదలయింది. అమెరికాలోని మిన్నెసోటాలో, పెపిన్ సరస్సు మీద రాల్ఫ్ శామ్యూల్సన్ అనే 18 ఏండ్ల కుర్రవాడు మొదట చేశాడు. గల్ఫ్‌కూ అమెరికాకూ పోయిన మన పిల్లలు సెలవు దినాన ఈ సరదాకు పోతూనే ఉన్నారు. ఆ వేగంలో పడితే నీరు రెప్పల కిందికి దూసుకొని వచ్చి లెన్సు కొట్టుకుపోవచ్చు. పోతే డబ్బు నష్టం, అంతే. కంటిలోనే ఉండిపోతేనే మా భయం. చెరువు నీటిలో, కుళాయి నీటిలో కూడా అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉంటుంది. అది గట్టి కోశంలో దాగితే ఈతకొలనులోని క్లోరిన్ కూడా దాన్ని సులభంగా చంపలేదు. ఇది కార్నియాను తినేస్తుందని 1970లలో తెలిసింది. 1980ల నడుమ అమెరికాలో లెన్సు వాడేవారిలో ఈ జబ్బు పెరిగింది. ఇంట్లో కలుపుకొనే ఉప్పునీటి మీద వైద్యుల దృష్టి పడింది. వైద్యం నెలల తరబడి సాగుతుంది, చూపు కూడా పోవచ్చు.

అందుచేత నీటిలోకి దిగేముందు లెన్సు తీసివేయాలి. నంబరు వేయించి, తలకు పట్టీతో బిగించే పాలీకార్బొనేట్ అద్దాలు పెట్టుకోవచ్చు. ఈతకు వాడే చిన్న అద్దాలు ఈ వేగానికి పనికిరావు, పడినప్పుడు కంటి చుట్టూ గుచ్చుకుంటాయి. పెట్టుకునే తీరతామనే మొండివారు ఒక్కరోజు వాడి పారవేసే రకం వాడి, ఒడ్డుకు రాగానే చేతులు సబ్బుతో కడిగి, తుడుచుకొని, తీసి పారేయాలి. లెన్సు కంటికి అతుక్కుంటే లాగరాదు. డాక్టరు చెప్పిన చుక్కలు వేసి కాసేపు ఆగాలి. కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుగు చూడలేకపోతే ఆ రోజే డాక్టరు వద్దకు పోయి, నీటిలో దిగిన సంగతి తప్పక చెప్పాలి.

మన దేశంలో ఈ జబ్బు వచ్చినవారిలో ఎక్కువమంది లెన్సు మాటే ఎరుగనివారు. మట్టి, మురికి నీరు కంటిలో పడిన పొలం పనివారే వారిలో చాలామంది. నాట్ల వేళ కంటిలో బురద పడితే కాలువ నీటితో కడగవద్దు, కాచి చల్లార్చిన నీరు ఒక సీసాలో వెంట పట్టుకుపొమ్మని ఊళ్ళోని మనవాళ్ళకు చెప్పండి.