బంగాళాఖాతంలో తుపాను.. హిమగిరులపై మంచు

విశాఖపట్నం: 2014 అక్టోబరు 12వ తేదీ మధ్యాహ్నం హుద్‌హుద్ పెను తుపాను విశాఖ నగరం మీదుగానే తీరం దాటింది. రెండు రోజుల అనంతరం, అక్టోబరు 14న, నేపాల్‌లోని అన్నపూర్ణ, ధవళగిరి పర్వత ప్రాంతాల్లో అకస్మాత్తుగా మంచు తుపాను చెలరేగి 40 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మృతుల్లో పర్వత పాదచారులు, వారి వెంట వెళ్లిన గైడ్లు, బరువులు మోసే కూలీలు, పశువుల కాపరులు ఉన్నారు. ఈ రెండు విపత్తులూ ఒకే వాతావరణ వ్యవస్థ వల్ల సంభవించినవే. దేశపటం ముందుంచుకొని చూస్తే, ఎక్కువ మంది చిక్కుకుపోయిన తోరంగ్ లా కనుమ విశాఖకు దాదాపు సూటిగా ఉత్తర దిక్కున, సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉంది.

శరదృతువు చివరి రోజులు రాగానే కోస్తా జిల్లాల్లో తుపాను మాట వినపడుతుంది. వరి కోతలు, చేపల వేట, కార్తీక స్నానాలు, ఉత్తరాది తీర్థయాత్రలు అన్నీ ఈ రోజుల్లోనే. కనుక ఈ కాలపు వాతావరణం ఎలా నడుస్తుందో, హెచ్చరికల భాషకు అర్థమేమిటో తెలిసి ఉండటం అవసరం.

కార్తెల లెక్కలో తుపానులు

నైరుతి రుతుపవనాలు అక్టోబరు మధ్యకల్లా రాష్ట్రం నుంచి వైదొలగుతాయి. ఈశాన్య రుతుపవనాల రాకకు సాధారణ తేదీ అక్టోబరు 20. కొద్ది రోజులు అటూ ఇటూ కావడం పరిపాటి. ఆంధ్రప్రదేశ్ వార్షిక వర్షపాతంలో సుమారు 30 శాతం అక్టోబరు-డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది. నెల్లూరు ప్రాంతంలో అది సగానికి మించుతుంది. ఉత్తర కోస్తాకు ఈ వాటా తక్కువే అయినా, వచ్చేది తరచు ఒకటి రెండు వాయుగుండాల రూపంలో ఒక్కసారిగా వచ్చిపడుతుంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రం వెచ్చగానే ఉన్నా పెద్ద తుపానులు అరుదు. ఆ నెలల్లో కింది గాలులు ఒక దిక్కుకు, పై గాలులు మరో దిక్కుకు బలంగా వీస్తుండటంతో మేఘవ్యవస్థ నిలువుగా ఎదగలేదు. అక్టోబరు, నవంబరుల్లో ఆ ఒరిపిడి తగ్గుతుంది. సముద్రం మాత్రం ఇంకా చల్లబడదు. ఉపరితల నీటి ఉష్ణోగ్రత 26.5 డిగ్రీలకు మించి ఉంటే తుపానుకు కావలసిన ఇంధనం ఉన్నట్లే. బంగాళాఖాతంలో ఆ స్థాయికి ఈ కాలంలో కొదవ ఉండదు. చిత్త, స్వాతి, విశాఖ, అనూరాధ కార్తెలు నడిచే ఈ రోజులను మన పెద్దలు గాలివాన కాలంగా ఎంచడంలో అనుభవం ఉంది.

జిల్లాల చరిత్రే ఇందుకు సాక్ష్యం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో సుమారు పది వేల మంది మరణించారు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను కోనసీమను కకావికలం చేసింది. వెయ్యి మందికి పైగా ప్రాణనష్టం జరిగింది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలకూల్చింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల వద్ద, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం సమీపంలో తీరాన్ని తాకాయి. మొంథా తీరంలో కంటే లోపల, వరంగల్ ప్రాంతంలో, వరద రూపంలో ఎక్కువ గుర్తుండిపోయింది. తీరం దాటితే ముప్పు తొలగినట్లేనని భావించేవారు ఈ సంగతి గమనించాలి.

పేరు మారితే గాలి మారినట్లు

అల్పపీడనం బలపడి, గాలి వేగం గంటకు 31 కి.మీ.కు చేరితే వాయుగుండం, 50కి చేరితే తీవ్ర వాయుగుండం. 62 కి.మీ. నుంచి తుపాను అంటారు. పేరు పెట్టేది ఈ దశలోనే. 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను, 166 నుంచి అత్యంత తీవ్ర తుపాను, 220 దాటితే సూపర్ సైక్లోన్. హుద్‌హుద్ తీరం దాటే వేళ గాలి 170-180 కి.మీ. వేగంతో వీచింది. ఉత్తర హిందూ మహాసముద్రపు తుపానులకు పేర్లు పెట్టే పద్ధతి 2004లో మొదలైంది. మొదట 8 దేశాలు పేర్లు సూచించేవి. 2020 నాటి జాబితాలో 13 దేశాలు ఇచ్చిన 169 పేర్లున్నాయి. హుద్‌హుద్ ఒమన్ ఇచ్చిన పేరు, అది ఒక పక్షిది. మొంథా థాయ్‌లాండ్ ఇచ్చినది.

భారత వాతావరణ శాఖ హెచ్చరికలు నాలుగు దశల్లో వెలువడతాయి. ప్రతికూల వాతావరణానికి 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత ప్రకటన, 24 గంటల ముందు తుపాను హెచ్చరిక, తీరం దాటడానికి 12 గంటల ముందు, తీరం దాటిన పిదప లోపలి జిల్లాల పరిస్థితిపై అంచనా ఇస్తారు. ఈ చివరిదానిని ఎవరూ అంతగా పట్టించుకోరు. వరంగల్ వంటి చోట్లకు, ఇంకా పైన హిమాలయాల వైపు వెళ్లేవారికి పనికివచ్చేది అదే.

ఓడరేవు నంబర్ల మర్మం

'ఓడరేవుల్లో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారు' అన్న వాక్యం ప్రతి తుపానులోనూ వినిపిస్తుంది. నంబరు పెరిగిన కొద్దీ తీవ్రత పెరుగుతుందని చాలామంది నమ్మకం. అది కొంతవరకే నిజం. 1, 2 నంబర్లు దూరాన సముద్రంలో ఉన్న వ్యవస్థను తెలుపుతాయి. 3, 4 నంబర్లు రేవుకే దుర్వాతావరణం తగలవచ్చన్న స్థానిక హెచ్చరికలు. 5, 6, 7 ప్రమాద సూచికలు. 8, 9, 10 పెను ప్రమాద సూచికలు. 11వ నంబరు ఎగిరిందంటే హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయినట్లు.

5, 6, 7 మధ్య తేడా బలంలో లేదు, పక్కలో ఉంది. తుపాను రేవును తన దారికి ఎడమ పక్కన ఉంచి వెళుతుంటే 5, కుడి పక్కన ఉంచి వెళుతుంటే 6, రేవు మీదుగా గాని అతి సమీపంగా గాని వెళుతుంటే 7. పెను ప్రమాదంలో 8, 9, 10 కూడా ఇదే వరుస. మన గోళార్ధంలో తుపాను గాలి గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. పడమరగా వచ్చే తుపానుకు కుడి పక్క, అంటే తీరం దాటే చోటికి ఉత్తరాన ఉన్న ఊళ్లలో గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. ఉప్పెన ముప్పు అక్కడే అధికం. ఎడమ పక్క గాలి నేల మీది నుంచి సముద్రంలోకి నెడుతుంది. కనుక ఉప్పెన విషయంలో 8కీ 9కీ మధ్య దూరం ఒక్క అంకె కాదు.

10వ నంబరు సంగతి విశాఖవాసులకు వేరుగా చెప్పనక్కర లేదు. 2014లో తుపాను కన్ను నగరం మీదికి వచ్చినపుడు హోరు శాంతించింది. తుపాను పోయిందనుకొని బయటికి వచ్చినవారు, మళ్లీ ఎదురు దిక్కు నుంచి గాలి లేవడంతో లోపలికి పరుగెత్తవలసి వచ్చింది. ఆ విరామం ప్రశాంతత కాదు, సగం తుపాను ఇంకా మిగిలి ఉందని తెలుసుకోవాలి.

మంచుగా మారే మేఘం

తీరం దాటిన తుపానుకు నీటి ఇంధనం అందక గాలి బలం తగ్గుతుంది. కాని అది మోసుకొచ్చిన తేమ ఎక్కడికీ పోదు. అదే సమయంలో మధ్యధరా సముద్రం వైపు నుంచి పశ్చిమ అలజడులు ఉత్తర భారతం మీదికి రావడం మొదలవుతుంది. అక్టోబరు తరువాత ఎగువ జెట్ ప్రవాహం హిమాలయాలకు దక్షిణంగా జరగడమే ఇందుకు కారణం. అలాంటి ద్రోణి ఒకటి ఎదురైతే, దాని ముందు భాగాన వీచే నైరుతి గాలులు తుపాను అవశేషాన్ని ఉత్తరానికి లాక్కుపోతాయి. హుద్‌హుద్ ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల మీదుగా తూర్పు ఉత్తరప్రదేశ్ చేరి అక్కడ అల్పపీడనంగా క్షీణించింది. కాని తేమ ఎదుట పర్వతం ఉంది. ఎత్తు ఎక్కే గాలి ప్రతి కిలోమీటరుకు సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. నాలుగైదు వేల మీటర్ల పైన వాన మంచుగా రాలుతుంది.

నాడు తోరంగ్ లా పరిసరాల్లో సగం రోజులో ఆరడుగుల వరకు మంచు పడిందని వార్తలు వచ్చాయి. ఒక సెంటీమీటరు నీరు సుమారు పది సెంటీమీటర్ల మంచుగా పేరుకుంటుంది. ఆ లెక్కన అది 18 సెంటీమీటర్ల వాన. విశాఖలో అంత కురిస్తే 'అతి భారీ వర్షం' అని రాసుకుంటాము. ఇక్కడ కాలువల్లో పారిపోయే నీరు అక్కడ 5,416 మీటర్ల కనుమపై మనిషి ఎత్తున నిలిచిపోయింది.

ఇదే తొలిసారి కాదు. 1995 నవంబరులో గోపాలపూర్ సమీపంలో తీరం దాటిన తుపాను మరునాటికే నేపాల్‌లో మంచు కురిపించగా, ఎవరెస్టు ప్రాంతంలోని గోక్యో లోయలో హిమపాతం కింద జపాన్ పాదచారులు, నేపాలీ సహాయకులు కలిపి 20 మందికి పైగా సమాధి అయ్యారు. 2025లో మొంథా వెళ్లిన వెనుక కూడా నేపాల్ పర్వత మార్గాల్లో మంచు కురిసింది.

లంబసింగి మంచు వేరు

తెలుగులో పొగమంచుకూ, గడ్డిపై తడికీ, హిమాలయాల మీది తెల్లని గడ్డకూ ఒకటే మాట. ఆకుల మీద బిందువు మంచే, బదరీనాథ్ శిఖరం మీదిదీ మంచే. 'లంబసింగిలో మంచు కురిసింది' అని విని, వెండికొండ చూడబోతున్నామన్న ఆశతో బయలుదేరే పర్యాటకులు ఏటా ఉంటారు. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. దీనిని కొర్రబయలు అని కూడా అంటారు. అక్కడ కనిపించేది పొగమంచు. ఉష్ణోగ్రత సున్నాకు చేరువైన అరుదైన ఉదయాల్లో గడ్డి మీద నేల మీద తెల్లగా పేరుకొనేది గడ్డకట్టిన తుషారం. ఆకాశం నుంచి రాలేది కాదు.

తుపాను రోజుల్లో మన్యంలో చలి ఎక్కువవుతుందన్నది మరో అపోహ. మబ్బు కమ్మిన రాత్రి నేల వేడి పైకి పోదు. పగలు చల్లగా ఉన్నా రాత్రి ఉష్ణోగ్రత అంతగా పడిపోదు. వ్యవస్థ దాటిపోయి, ఆకాశం తేటపడి, ఉత్తరపు పొడిగాలి మొదలయ్యాకే పాడేరు, మినుములూరు, చింతపల్లి వణకడం మొదలవుతుంది. వాయుగుండం వెళ్లిన మూడు నాలుగు రోజులకు అరకులో వలిసె పూలు చూడబోయేవారు కంబళ్లు వెంట తీసుకువెళ్లడం ఉచితం. కాఫీ రైతులకు మాత్రం ఈ వానలు వేదనే. పండు కోతకు వచ్చి, కళ్లాల్లో ఆరబెట్టే సమయం ఇదే. హుద్‌హుద్ నాడు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూలి కాఫీ మొక్కల మీద పడటంతో, ఒక పంట కాదు, ఏళ్ల తరబడి పెంచిన తోటలే దెబ్బతిన్నాయి.

కోతకు వచ్చిన వరి

కోస్తాలో అసలు భయం వరి గురించే. చేను పండి ఉంటే రైతుకు రెండు దారులు. హెచ్చరిక 72 గంటల ముందే అందితే కోసి, నూర్చి, ధాన్యం భద్రపరచుకోవచ్చు. యంత్రం గాని కూలీలు గాని దొరకని పక్షంలో కోయకపోవడమే మేలు. కోసి పనల మీద వదిలిన పంట నిలబడి ఉన్న పంట కంటే ఎక్కువ చెడుతుంది. పొలంలో నీరు నిలవకుండా ముందే గట్లకు గండ్లు పెట్టి మురుగు కాలువల్లోకి దారి చూపాలి. నేలకొరిగిన చేలో, తడిసిన పనల్లో గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున కలిపిన ఉప్పు ద్రావణం పిచికారీ చేయాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. కుప్పలు వేసినవారు టార్పాలిన్ కప్పడంతో సరిపెట్టక, కుప్ప అడుగుకు నీరు చేరకుండా చూడాలి. అయిదు నెలల కష్టం, చేసిన అప్పు, కౌలు బాకీ ఆ మూడు రోజుల మీదే ఆధారపడి ఉంటాయి.

మత్స్యకారులు అల్పపీడనం మాట వినగానే లోతు వేటకు వెళ్లకుండా ఉండాలి. ఇప్పటికే వెళ్లినవారికి కబురు అందించి, దగ్గరలోని ఏ రేవుకైనా చేరవలసిందిగా చెప్పాలి. సొంత రేవుకే రావాలన్న పట్టుదలతో గాలికి ఎదురు ప్రయాణించడం ప్రమాదకరం.

ముక్తినాథ్ యాత్రికులు

నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటైన సాలగ్రామ క్షేత్రం ముక్తినాథ్, 2014లో మృత్యువు కమ్మిన తోరంగ్ లా కనుమకు దిగువనే, 3,700 మీటర్లకు పైబడిన ఎత్తున ఉంది. తెలుగు జిల్లాల నుంచి ఏటా భక్తులు వెళుతుంటారు. వానలు తగ్గి ఆకాశం నిర్మలంగా ఉండే అక్టోబరు, నవంబరులే యాత్రకు అనువైనవని నిర్వాహకులు చెప్పేది నిజమే. బంగాళాఖాతం తుపానులకూ అవే నెలలు. సామాన్యంగా యాత్రికులు కనుమ ఎక్కరు, జోమ్‌సోమ్ మీదుగా వస్తారు. కాని జోమ్‌సోమ్ విమానాలు మామూలు రోజుల్లోనే గాలి వల్ల ఉదయం పూట మాత్రం నడుస్తాయి. మబ్బు పడితే అవీ ఉండవు, కొండచరియలు విరిగి రోడ్డు కూడా మూతపడుతుంది.

కేదార్‌నాథ్ ఆలయం భగినీ హస్తభోజనం నాడు, బదరీనాథ్ ఆలయం నవంబరులో మూతపడతాయి. చివరి వారంలో దర్శనానికి పోయేవారికి పశ్చిమ అలజడుల మంచు ఎదురుకావచ్చు. ఉన్ని బట్టలు, మందులతో పాటు తిరుగు ప్రయాణానికి రెండు మూడు రోజుల వెసులుబాటు ఉంచుకోవాలి. మన తీరంలో తుపాను దాటిందని తెలిస్తే, ఆ తరువాతి మూడు రోజులు ఎత్తయిన మార్గాల్లో ఎక్కకుండా దిగువ ఊళ్లలో ఆగిపోవాలి. ఇంటి వద్ద ఉన్నవారికి తుపాను వార్త ముందుగా తెలుస్తుంది, కొండ మీద ఉన్నవారికి తెలియకపోవచ్చు. ఫోను కలిసినపుడు క్షేమసమాచారాలతో పాటు ఆ కబురు కూడా వారికి చేరవేయాలి.