కొంగుముడిలో గోంగూర విత్తనాలు

నిజామాబాద్ జిల్లా చందూర్‌లో మా ఇంటి వెనక గోంగూర మడి ఇంకా ఉంది. దానికి మొదట విత్తనం చల్లింది మా నాయనమ్మ. తొంభై ఆరేళ్లు బతికి 2018లో వెళ్లిపోయింది. ఈ ప్రాంతం కథ చెప్పేటప్పుడు రాజుల్నీ ఇంజనీర్లనీ ఫ్యాక్టరీనీ తలుచుకుంటాం. వాళ్లు తవ్వించిన కాలువ వెంట చంకన బిడ్డతో వచ్చి, ఈ నేలను ఇల్లు చేసిన తల్లుల్ని కూడా తలుచుకోవాలని నా కోరిక.

ఈ నేల పాతది. బుద్ధుని కాలంనాటి పదహారు మహాజనపదాల్లో వింధ్యకు దక్షిణాన ఉన్నది అశ్మక ఒక్కటే. దాని రాజధాని పోదన మన బోధనేనని చరిత్రకారులు చెబుతారు. వేములవాడ చాళుక్యులు తొలిరోజుల్లో ఇక్కడి నుంచే ఏలారు. రాష్ట్రకూటులు, కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, అసఫ్‌జాహీలు వచ్చారు, పోయారు. రాణుల దానాలు శాసనాలకెక్కాయి. మామూలు తల్లి కడుపుకోత ఏ రాతి మీదా చెక్కలేదు.

1923లో అచ్చంపేట దగ్గర మంజీరకు అడ్డంగా నిజాంసాగర్ పని మొదలైంది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో 1931కి పూర్తయింది. 2.75 లక్షల ఎకరాలకు నీళ్లివ్వాలన్నది లక్ష్యం. కాలువ పొడవే 155 కిలోమీటర్లు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు అక్కడ కొంత పొలం అమ్ముకుని ఇక్కడ ఎక్కువ కొనుక్కున్నారు. వాళ్లు పాకలు వేసుకున్న చోట్లకు క్యాంపులని పేరొచ్చింది. అలా చేతులు మారిన భూమి ఎన్నో స్థానిక కుటుంబాలకు తీరని బాధగా మిగిలిందన్నదీ నిజమే. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. వరి పక్కన చెరకు లేచింది.

చెరకు లోకమంతటా మనుషుల్ని కదిలించింది. మన కోరంగి రేవు నుంచి తెలుగువాళ్లు మారిషస్ తోటలకు వెళ్లారు. 1906 డిసెంబర్‌లో పదిహేనుమంది ఫిలిప్పినోలు చెరకు కొట్టడానికి హవాయి దీవుల్లో దిగారు. వాళ్ల వెనక వేలమంది నడిచారు. ఆ కూలీలను సకాడాలన్నారు. తొలి ఏళ్లలో వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఒంటరి మగవాళ్లు. ఆడవాళ్లు వెళ్లి పొయ్యి రాజేశాకే ఆ కూలీ లైన్లు ఊళ్లయ్యాయి. చందూర్‌లో మా క్యాంపు కథా అంతే.

నాయనమ్మ వచ్చింది 1940లో. పద్దెనిమిదేళ్ల పిల్ల, ఒళ్లో ఏడాది కూతురు. తెనాలి పక్క పల్లె నుంచి బెజవాడ, కాజీపేట మీదుగా సికింద్రాబాద్ చేరి, అక్కడ పెద్ద లైను దిగి చిన్న లైను బండెక్కింది. దారిలో నిజాం సర్కారు కరోడ్‌గిరి (సుంకాల) వాళ్లు మూటలు విప్పించి చూశారట. ఆవకాయ జాడీ చూశారు, ఇత్తడి బిందె చూశారు. కొంగుముడి మాత్రం ఎవరూ విప్పమనలేదు. అందులో గుప్పెడు గోంగూర విత్తనాలున్నాయి. తెలియని దేశంలో పిల్లలకు పుల్లకూర ఎక్కడ దొరుకుతుందోనని వాళ్లమ్మ కట్టిచ్చింది.

నిజామాబాద్ నుంచి ఎడ్లబండి. చందూర్ చేరాక అన్నీ కొత్తే. అక్కడ ఎకరానికి వంద సెంట్లయితే ఇక్కడ నలభై గుంటలు. ఆరు కల్దార్ (బ్రిటిష్) రూపాయలిస్తే ఏడు హాలీ (నిజాం) రూపాయలు. కాగితమంతా ఉర్దూ. చెరకు రసీదులో మోసపోకూడదని నాయనమ్మ ఉర్దూ అంకెలు పట్టుబట్టి నేర్చుకుంది.

మొదటి వానకు విత్తనాలు చల్లింది. మొలకలు జానెడు పెరిగాక పక్కింటి ఆవిడ కంచె దగ్గర నిలబడి నవ్విందట.

"గిది మా పుంటికూరే గద చెల్లే! గింత దూరం మోస్కొచ్చినవా?"

"మీ పెరట్లో ఉందని నాకెవరు చెప్పారక్కా!"

ఇద్దరూ కూర్చుని నవ్వుకున్నారు. ఆ సాయంత్రం అటునుంచి జొన్నరొట్టె, పుంటికూర తొక్కు వచ్చాయి. ఇటునుంచి ఆవకాయ వెళ్లింది. ఈ కథ చెప్పిన ప్రతిసారీ నాయనమ్మ ఆ నవ్వు దగ్గర కాసేపు ఆగేది.

మరుసటి ఏడు చలిజ్వరాలు వచ్చాయి. కాలువ నీటి వెంటే దోమ. ఒళ్లో వచ్చిన కూతురు చేతుల్లోనే పోయింది. తాతయ్య సామాను సర్దాడు, వెనక్కి పోదామన్నాడు. నాయనమ్మ కదల్లేదు. "నా బిడ్డ ఇక్కడుంది. నేనెక్కడికి వస్తాను?" అంది. ఆ రాత్రులన్నీ పక్కింటి అక్క తోడు పడుకుంది. తర్వాత ఐదుగురు పుట్టారు. చెరకు సీజన్లో తాతయ్య బండి శక్కర్‌నగర్ గేటు దగ్గర వరుసలో రాత్రంతా ఉంటే, పిల్లల్ని ఆ అక్క దగ్గర వదిలి, సద్ది మూట కట్టుకుని బండి మీద తనూ వెళ్లేది. దసరాకు ముందు అక్క వెంట బతుకమ్మ ఆడింది. సంక్రాంతికి అక్క వాకిట్లో తను ముగ్గేసింది.

ఆ తర్వాతి కాలం ఇంత వరుసగా చెప్పలేను. 1948 సెప్టెంబర్‌లో నిజాం పాలన పోయింది. 1969లో తెలంగాణ ఉద్యమమప్పుడు కొన్నాళ్లు క్యాంపుల్లో నిద్ర లేదు. 2014లో తెలంగాణ వచ్చినప్పుడు, "మనమెక్కడివాళ్లం నాయనమ్మా?" అని అడిగాను. "నా బిడ్డను పెట్టిన చోటు," అంది. నిజాంసాగర్‌లో పూడిక పేరుకుంది. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది. మనవళ్లు అమెరికా వెళ్లారు. పక్కింటి మనవళ్లు దుబాయ్ వెళ్లారు. అక్కడ వాళ్లతోపాటు పనిచేసే ఫిలిప్పినో తల్లులు పిల్లల్ని ఇంటి దగ్గర వదిలి వచ్చినవాళ్లు. సబ్బులు, చాక్లెట్లు, బట్టలు నింపి బాలిక్‌బయాన్ పెట్టెలు ఇంటికి పంపుతారు. వాళ్ల విసయా దీవుల్లో లాబోగ్ అనే పుల్లటి ఆకును కోడికూరలో వేస్తారు. అదీ మన గోంగూర జాతిదేనని తెలిసినప్పుడు నాకు నాయనమ్మ కొంగుముడే గుర్తొచ్చింది.

నాయనమ్మ పోయాక విత్తనం కట్టే పని నాకొచ్చింది. నిరుడు వానల్లో, దాచి ఉంచిన విత్తనమంతా బూజుపట్టింది. సంగతి తెలిసి పక్కింటి అక్క మనవరాలు కాగితం పొట్లం తెచ్చిచ్చింది.

"మీ నాయనమ్మ మా అవ్వకిచ్చిన ఇత్తులే. మేం ఏటా కడ్తనే ఉన్నం," అంది.

మడి మళ్లీ పచ్చబడింది.