కుండ ఎక్కడ పెట్టాలి?

ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ ఉండాలన్నది చిన్న విషయం అనుకునేవాళ్లు నలుగురున్న ఇంట్లో కాపురం చేసి ఉండరు. రోలు వాకిట్లో ఉండాలా, పెరట్లో ఉండాలా అన్న మాట మీద మొహాలు చూసుకోవడం మానేసిన అన్నదమ్ముల్ని మా అగళి వైపు నేనెరుగుదును. రోటికే అంత పేచీ అయితే, బీరు కాచుకునే పాత్ర ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వస్తే ఇక చెప్పాలా? ఆ ప్రశ్న మా ఇంట్లోనే వచ్చింది. అయితే అగళిలో కాదు, అమెరికాలో, న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయి ఇంట్లో.

వాడిది కంప్యూటర్ ఉద్యోగం. ఐదు రోజులు తెర ముందు కూర్చున్నవాడికి శని ఆదివారాలు చేతులతో ఏదైనా చెయ్యాలనిపిస్తుంది కాబోలు. పక్కింటాయన కొయ్యబొమ్మలు చెక్కుతాడు, మావాడు బీరు కాస్తానన్నాడు. తాగేది తక్కువే, కాయడం మీదే మోజంతా. 19 లీటర్లు పట్టే పాత్ర, రబ్బరు బిరడా, దాన్లోంచి గాలి బయటికి పోయే గొట్టం, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, ఎండిన హాప్ పూలు, ఈస్టు పొట్లం అన్నీ వచ్చాయి. పాత్రకు చోటే దొరకలేదు.

వంటింట్లో వద్దని కోడలు కచ్చితంగా చెప్పేసింది. గంటసేపు బార్లీ ఉడికితే ఆ వాసన కర్టెన్లకు పట్టి వారం దాకా పోదట. పైగా దేవుడి అలమర అక్కడే ఉంది. హాల్లో పెడితే మనవడు గొట్టం పీకుతాడు. కార్ల షెడ్డు శీతాకాలంలో గడ్డకడుతుంది, ఎండాకాలంలో పెనంలా కాలుతుంది. ఈస్టుకేమో 18 నుంచి 20 డిగ్రీల నిలకడైన వేడి కావాలి. చీకటి కావాలి, లేకపోతే వెలుతురు తగిలి హాపుకు చెడు వాసన వస్తుంది. కనీసం వారం పది రోజులు ఎవరూ కదపకూడదు. ఇన్ని లక్షణాలూ ఉన్న చోటు ఆ ఇంట్లో ఒక్కటే: నేలకింది గది. అక్కడ మా ఆవిడకూ నాకూ పక్కలు వేసి ఉన్నాయి.

"అమ్మా, నువ్వేమీ అనుకోకపోతే ఆ మూల..." అని వాడు నసిగాడు. మా ఆవిడ వాడికి జవాబు చెప్పలేదు. నా వైపు తిరిగి, "పాతర సంగతి వానికి ఎప్పుడన్నా చెప్పినారా?" అని అడిగింది. చెప్పలేదు. నేను హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. సొంత చరిత్ర అడిగితే లోకచరిత్రలోకి పారిపోవడం నాకు అలవాటు. ఆ సాయంత్రమూ అదే చేశాను.

మావాడికి చెప్పిందేమంటే, బీరు పుట్టిందే ఇంట్లో, ఆడవాళ్ల చేతుల్లో. సుమేరులో దానికొక దేవత ఉండేది, పేరు నింకాసి. ఈజిప్టులో థీబ్స్ దగ్గర మెకెట్రే అనే అధికారి సమాధిలో 1920లో కొయ్యబొమ్మలు దొరికాయి. సుమారు 4000 ఏళ్ల నాటివి. వాటిలో ఒక చిన్న ఇల్లు ఇప్పుడు న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఒకే కప్పు కింద ఒక పక్క రొట్టెలు చేస్తున్నారు, ఇంకో పక్క బీరు కాస్తున్నారు. పిండీ, నీళ్లూ, పులుపూ రెండింటికీ ఒకటే గనక గోడ ఒకటి చాలింది వాళ్లకు.

మధ్యయుగాల ఇంగ్లండులోనూ ఇల్లాలే కాచేది. హాపు వెయ్యని ఆ పానీయం నాలుగు రోజులు దాటితే చెడిపోయేది. అందుకని ఇంటికి మిగిలింది పొరుగువాళ్లకు అమ్మేది. అమ్మకానికి ఉందని తెలియడానికి గుమ్మం పైన ఒక కర్ర కట్టేది. హాపు వచ్చాక బీరు నిలవ ఉండడం, దూరాలు పోవడం నేర్చింది. పెద్ద పెద్ద పీపాలు, పెట్టుబడులు, మగ యజమానులు వచ్చారు. ఇల్లాలి కుండ మెల్లగా మూలబడింది.

నేలకింద గది వెదకడం కూడా మావాడు కనిపెట్టిందేమీ కాదు. బవేరియాలో 1516లో బార్లీ, హాపు, నీళ్లు తప్ప ఇంకేమీ వెయ్యకూడదని శాసనం చేశారు. 1553లో ఇంకొకటి చేశారు. ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా, అంటే ఎండాకాలమంతా, బీరు కాయనే కూడదు. వేడికి చెడిపోతోందని. దాంతో చలికాలంలో కాచింది కొండ గుహల్లో, నేలమాళిగల్లో మంచుగడ్డలు పేర్చి దాచుకున్నారు. చల్లని చోట మెల్లగా పులిసే బీరుకు అలా పేరొచ్చింది.

అమెరికా కథ ఇంకా తమాషా. 1920 జనవరిలో దేశమంతా మద్యనిషేధం పెట్టి 1933లో ఎత్తేశారు. ఎత్తేశాక ఇంట్లో ద్రాక్షసారా చేసుకోవడానికి దారి దొరికింది గానీ బీరుకు దొరకలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టేదాకా ఇంట్లో బీరు కాయడం అక్కడ నేరమే. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి యేడాదికి 200 గ్యాలన్లు, అంటే దాదాపు 757 లీటర్లు, సొంతానికి పన్ను లేకుండా కాచుకోవచ్చని ఆ చట్టం. ఆఖరి రాష్ట్రాలు ఒప్పుకునేసరికి 2013 వచ్చింది. బట్టీ పెట్టి ఇంట్లో సారాయి దించడానికి మాత్రం ఆ చట్టం ఒప్పుకోలేదు.

"ఎంత కాయొచ్చో చెప్పింది చట్టం. ఇంట్లో ఎక్కడ అన్నది మాత్రం ఇంటివాళ్లకే వదిలేసింది" అని నేను నవ్వాను. ఎవరూ నవ్వలేదు. "ఊరి చరిత్ర చెప్పండి" అంది మా ఆవిడ. ఇక తప్పలేదు.

అగళి అంటే మడకశిర తాలూకాలో పడమటి కొస. నా చిన్నప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. మూడు పక్కలా కర్ణాటక చుట్టుకున్న తాలూకా గనక, మా వీధిలో ఒక ఇంట తెలుగైతే పక్కింట కన్నడం. ఏ ఇంట్లోనైనా రాగిముద్ద మాత్రం ఒకటే. ఇంట్లో పులిసే కుండ కూడా ఒకటే, అంబలి కుండ. కోస్తావాళ్లకు తరవాణి కుండ ఎలాగో మాకు అదలా. రాత్రి కాచిన రాగిజావ తెల్లారేసరికి పులిసి ఉంటే, మజ్జిగా ఉల్లిపాయా వేసుకుని తాగి చేలకు పోయేవాళ్లు. దాని చోటు పొయ్యికి దూరంగా, వంటింటి చల్లని మూల. ఆ చోటెవరు నిర్ణయించారో ఎవరికీ తెలియదు. ఇంట్లో ప్రతివాడికీ తెలిసిన చోటు అది.

రాగుల్ని నానబోసి, గుడ్డలో మూటకట్టి, మొలక రాగానే ఎండబెట్టి విసిరితే పిల్లల జావకు పిండి. మొలకెత్తినప్పుడు గింజలోని పిండి తియ్యబడే గుణం వస్తుంది. అమెరికాలో బార్లీకి చేసేది అచ్చంగా అదే. సిక్కింలో, నేపాల్లో ఈ రాగుల్నే పులియబెట్టి, వేణ్ణీళ్లు పోసుకుని గొట్టంతో పీల్చి తాగుతారు, తోంగ్బా అని. మా రాగులు మాత్రం అంబలి దగ్గరే ఆగిపోయాయి. ఎందుకంటే, మత్తు కావాలంటే ఊరి బయట ఈతచెట్టుంది. చెట్టుకు కట్టిన కుండలోనే కల్లు దానంతటదే పులుస్తుంది. కాయడానికి ఇల్లు అక్కర్లేదు, ఇంట్లో చోటు అక్కర్లేదు. ఎవరు తాగొచ్చారో ఊరంతటికీ తెలుసు.

ఆ చెట్టు మీద దొరల కన్ను పడింది. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టంతో లైసెన్సు లేకుండా మత్తు పదార్థం తయారుచెయ్యడం నేరమైంది. గీసే చెట్టుకు పన్ను వచ్చింది. తరవాత రాజాజీ ప్రభుత్వం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టింది. 1948కి మద్రాసు రాష్ట్రమంతా వచ్చేసింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే నిషేధమూ కూడా వచ్చింది. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఆ తగాదాలోనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. నిషేధం మాత్రం 1960ల చివరిదాకా పేరుకైనా నిలిచింది.

చెట్టు మీది కుండ దిగింది. దిగిన కుండ పోయిందెక్కడికి? అందరికీ కనబడే చోటునుంచి ఎవరికీ కనబడని చోటుకు పోయింది. గడ్డివాముల్లోకి, పేడదిబ్బల్లోకి, ఇళ్లలోకి. కల్లు పోయి బెల్లపు ఊట వచ్చింది. బెల్లం నీళ్లలో తుమ్మచెక్క వేసి పులియబెట్టి, తరవాత బట్టీ పెట్టి దించేవాళ్లు.

1950ల చివరిమాట ఇది. నాకు పదేళ్లుంటాయి. మా ఇంటి ముందర రాగులు పోసుకునే పాతర ఉండేది. రెండు నిలువుల లోతు, మూతి మాత్రం మనిషి దూరేటంత. బండ మూసి మట్టి మెత్తితే ఏళ్లతరబడి పురుగు పట్టదు. కొత్త రాగులు పోసే ముందు అడుగు ఊడవడానికి నడుముకు తాడు కట్టి పిల్లల్ని దింపేవాళ్లు. ఎప్పుడు దింపినా ముందు దీపం దింపేది మా అవ్వ. దీపం ఆరితే లోపల గాలి చెడ్డదని ఆవిడ లెక్క. ఆ రోజు మూతి మట్టి పచ్చిగా ఉండడం చూసి, మా నాయన ముందే తెరిచి గాలి పోనిచ్చినాడులే అనుకుంది. దీపం దింపలేదు. నన్ను దింపింది.

తెరిచింది మా నాయన కాదు. చిన్నాయన. ఖాళీ పాతర కదా అని రెండు బానల్లో బెల్లపు ఊట పెట్టి వారమైంది. పులిసే ఊటలోంచి వచ్చే బొగ్గుపులుసు గాలి మామూలు గాలికన్నా బరువు. గుంతలో అడుగున నీళ్లలా నిలబడుతుంది. రంగూ లేదు, కంటికి కనబడదు. నాకు జ్ఞాపకమున్నది పుల్లటి వాసన ఒక్కటే. తరవాత చూస్తే వాకిట్లో పడుకోబెట్టి ఉన్నాను, మా అమ్మ ఏడుస్తోంది, చిన్నాయన నా పక్కన మోకాళ్ల మీద ఉన్నాడు. తాడు లాగితే నా వొళ్లు మూతికి అడ్డంపడిందట. ఆయనే ఊపిరి బిగబట్టి దిగి నన్ను పైకెత్తాడట.

అవ్వ బానలు పగలగొట్టించింది. తాగినందుకు ఆవిడ చిన్నాయనను ఒక్క మాట అనలేదు. "నా ఇంట్లో యాడ ఏముందో నాకు తెలియకుండ చేస్తివి కదరా. తెలిసింటే దీపం దింపుదును" అంది. అంతే. ఆయన ఆ తరవాత ముట్టలేదు. ఆయన పరువు పోతుందని నేనూ ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు తప్ప.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాయి మీద లేచినప్పుడు, 1993 అక్టోబరు 1న సారాయి నిషేధం, 1995 జనవరి 16న ఎన్టీ రామారావు సంపూర్ణ నిషేధం, 1997లో దాని సడలింపు పేపర్లలో చదువుతున్నప్పుడల్లా అవ్వ మాటే చెవిలో పడేది. ఇంటిమీదికి ఏం వస్తోందో తమతో ఒక మాట చెప్పాలన్నదే ఆ ఆడవాళ్ల అడగడంలోనూ నాకు వినిపించింది.

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత కాగితం తీసుకుని లెక్క వేశాడు. 19 లీటర్ల బీరు పులిస్తే ఆ గాలి సుమారు 400 లీటర్లు వస్తుంది. వారం రోజుల మీద, గాలి ఆడే పెద్ద గదిలో అది లెక్కలోది కాదు. అయినా మనుషులు పడుకునే గదిలో వద్దన్నాడు వాడే.

ఆఖరికి ఒక చోటు కాదు, మూడు చోట్లు తేలాయి. ఉడకబెట్టడం పెరట్లో, గ్యాసు పొయ్యి మీద. కోడలి కర్టెన్లు బతికాయి. పులియబెట్టడం నేలకింద బట్టలుతికే గదిలో, తలుపు తీసి, మనవడికి అందని బల్ల మీద. సీసాల్లో పోశాక మూతపెట్టె ఉన్న కొయ్యపెట్టెలో, ఎందుకంటే చక్కెర ఎక్కువైతే సీసాలు పేలతాయి. కడిగే పని మొత్తం కాచినవాడిదేనని కోడలు షరతు. పాత్ర మీద చీటీ అంటించాలని మా ఆవిడ షరతు: లోపలేముంది, ఏ తారీఖున పోసింది, ఎవరు పోసింది.

మర్నాడు పొద్దున వంటింట్లోకి వెళ్తే, చల్లని మూల మా ఆవిడ అంబలి గిన్నె ఉంది. దాని మీదా ఒక చీటీ. "రాగి అంబలి. నిన్న రాత్రి. అమ్మ."