మాటు, టంకం, వెలిగారం: నెల్లూరు తీరంలో లోహపు అతుకుల చరిత్రకు పదజాల సాక్ష్యం

ఉపోద్ఘాతం

పగిలిన బిందె, అరిగిన కర్రు, తెగిన గొలుసు, విరిగిన సైకిలు చట్రం. వీటిలో దేన్ని బాగుచేయించాలన్నా నేడు తెలుగువారి నోట వచ్చే మాట ఒక్కటే: వెల్డింగ్. రెండు తరాల క్రితం ఈ నాలుగు పనులకు నలుగురు వేర్వేరు పనివారు, నాలుగు వేర్వేరు పద్ధతులు, నాలుగు వేర్వేరు మాటలు ఉండేవి. కర్రును కమ్మరి కొలిమిలో అతికేవాడు. బిందెకు మాటు వేసేవారు. గొలుసుకు కంసాలి టంకం పెట్టేవాడు. సైకిలు చట్రాన్ని గ్యాసు మంటతో, ఇత్తడి కరిగించి అతికేవారు. ఒక్క అరువు మాట ఇన్ని మాటల చోటును ఆక్రమించినప్పుడు భాషలో ఏం పోయింది, చరిత్రలో ఏం మరుగుపడింది అని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరిశీలనకు ఎంచుకున్న ప్రాంతం దక్షిణాన పులికాట్ సరస్సు మొదలు ఉత్తరాన రామాయపట్నం వరకు ఉన్న నెల్లూరు తీరం.

కర్మాగారంలో తయారైన వెల్డింగ్ రాడ్డు రాకముందు అతికే పదార్థమంతా ఇంట్లోనే దొరికేదని, పల్లె తనకు కావలసినది తానే సమకూర్చుకొనేదని సాధారణంగా అంటుంటారు. ఈ అభిప్రాయం సగం మాత్రమే నిజం. ఆ సంగతిని పనివారి మాటలే చెబుతున్నాయి.

చర్చ సౌలభ్యం కోసం రెండు పారిభాషిక పదాలను నిర్దేశించుకోవడం అవసరం. రెండు అంచుల నడుమ చీలికను నింపే లోహాన్ని ‘పూరకం’ అని, అంచుల మీది తుప్పును, మలినాన్ని కరిగించి తొలగించే పదార్థాన్ని ‘శోధకం’ అని ఈ వ్యాసంలో వ్యవహరిస్తున్నాను. లోహపు అతుకుకు సాధారణంగా వేడి, శోధకం, పూరకం కావాలి. ఈ మూడింటిలో ఏది ఎక్కడ నుంచి వచ్చిందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

1. కొలిమిలో అతుకు

కమ్మరి పద్ధతి చాలా పాతది. ఇందులో పూరకమే లేదు. రెండు ఇనుప ముక్కలను తెల్లగా మెరిసేదాకా కాల్చి, దాగలి మీద ఒకదానిపై ఒకటి పెట్టి సమ్మెటతో మోదితే అవి ఏకమవుతాయి. శుద్ధమైన ఇనుము కరగడానికి 1538 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. కమ్మరి అంత దూరం పోడు. కరగకముందే, మెత్తబడిన దశలో అతుకుతాడు. అయితే కాలిన ఇనుము మీద పొలుసు కడుతుంది. ఆ పొలుసు నడుమ ఉంటే అతుకు పట్టదు. అందుకు కమ్మరి చేసేది ఇసుక చల్లడం. ఇసుకలోని సిలికా ఇనుప పొలుసుతో కలిసి సుమారు 1200 డిగ్రీల వద్దనే కరిగి ద్రవమవుతుంది. సమ్మెట దెబ్బకు ఆ ద్రవం బయటికి చిమ్మి, లోపల శుభ్రమైన ఇనుము ఇనుమును తాకుతుంది. చల్లారిన ఆ మలినాన్నే మనవారు చిట్టెం అన్నారు.

తీరప్రాంతపు కమ్మరికి ఇసుక కోసం వెదకవలసిన పని లేదు. పూరకం అక్కరలేదు, శోధకం కాళ్ల కిందనే ఉంది, బొగ్గు దగ్గరి చిట్టడవి నుంచి వచ్చింది. అరిగిన కర్రుకు అతికే ఇనుము సైతం మరో పాత పనిముట్టు తునకే. ఇంటి సామగ్రితోనే అతుకు వేశారన్న మాట సంపూర్ణంగా వర్తించేది ఈ ఒక్క పద్ధతికి. ఇక్కడ వాడుకలో ఉన్న మాటలు అతుకు, చిట్టెం, కర్రు, కొలిమి, దాగలి. ఇవన్నీ ఇంటి మాటలే కావడం గమనార్హం.

2. మాటు, కళాయి

ఇత్తడి, రాగి పాత్రల విషయం వేరు. కాల్చి మోదితే పాత్ర ఆకారం చెడుతుంది. కనుక చిల్లి మీద మరో రేకు ముక్క పెట్టి, తక్కువ వేడికి కరిగే లోహంతో దాన్ని పట్టించాలి. ఇదే మాటు. ‘మాటు’ అనే మాటకు మరుగు, చాటు అనే అర్థం కూడా ఉంది. మాటువేయడం అంటే పొంచి ఉండడమూ, పాత్రకు అతుకు వేయడమూ కూడా. రెండు అర్థాలకూ కప్పడం అన్న భావమే ఉమ్మడి. కమ్మరి అతుకులో రెండు ముక్కలు ఒకటవుతాయి. మాటులో ఒకటి మరొకదాన్ని కప్పుతుంది. ఈ తేడాను పనివారి భాష స్పష్టంగా గుర్తించింది. వెల్డింగ్ అన్న మాటలో ఈ తేడాకు చోటు లేదు.

మాటు రేకు ఇంటిదే: పాడైపోయిన చెంబు అడుగు, కిరసనాయిలు డబ్బా రేకు, పాత పళ్లెం అంచు. మకిలిని తోమిపెట్టే చింతపండు వంటింటిది. కాని రేకును పట్టించే తగరం, సీసం ఈ నేలవి కావు. తగరం 232 డిగ్రీల వద్ద కరుగుతుంది. సీసంతో తగు పాళ్లలో కలిపితే 183 డిగ్రీల వద్దనే కరుగుతుంది. కట్టెల మంటకూ అందే ఈ సులభమైన వేడి వల్లనే వీధిలో కూర్చొని చేసే పనికి తగరం అనువైంది. 17వ శతాబ్దంలో కోరమాండల్ తీరానికి మలయా ద్వీపకల్పపు తగరం, జపాను రాగి డచ్చి నౌకల్లో వచ్చేవి. డచ్చివారు 1613లో పులికాట్‌లో గెల్డ్రియా కోట నిర్మించారు. ఆంగ్లేయులు 1626 ప్రాంతంలో దుగరాజపట్నంలో స్థావరం ఏర్పరచుకొని దాన్ని ఆర్మగాం అన్నారు. ఈ రెండు రేవులూ మన పరిశీలన ప్రాంతానికి ఆనుకొని ఉన్నవే.

భాష కూడా ఇదే చెబుతుంది. రాగి, ఇత్తడి పాత్రల లోపల తగరపు పూత పూయడాన్ని కళాయి అంటాం. తగరానికి అరబ్బీలో ఉన్న ‘ఖలయీ’ అన్న మాట హిందుస్థానీ ద్వారా తెలుగులోకి వచ్చి, లోహం పేరు పూత పేరుగా మారింది. వేడెక్కిన పాత్రలో నవాసాగరం చల్లి, తగరం తాకించి, దూదితో రుద్దడం కళాయివారి పద్ధతి. నవాసాగరం వేడికి ఆవిరయ్యేటప్పుడు లోహం మీది మకిలిని తీసివేస్తుంది. దట్టమైన తెల్లని పొగ అందువల్లనే. మాటు వేసే రేకు వంటింటి అటక నుంచి వచ్చినా, దాన్ని పట్టించే తగరం సముద్రం దాటి వచ్చిందన్న మాట. మాటు దేశ్యపదం, కళాయి అన్యదేశ్యపదం కావడం కాకతాళీయం కాదు.

3. వెలిగారం, టంకం

ఇత్తడిని ఇత్తడితో, బంగారాన్ని బంగారంతో గట్టిగా అతకాలంటే తగరం చాలదు. తక్కువ వేడికి కరిగే అదే జాతి మిశ్రలోహం కావాలి. తునిగిన ఇత్తడి పాత్రను ఆకురాయితో రాస్తే వచ్చే రజనే కంచరికి పూరకం. కంసాలి బంగారంలో కొద్దిగా వెండి, రాగి కలిపి టంకం తయారుచేసుకొంటాడు. కొబ్బరిచిప్ప బొగ్గు మీద, ఊదుగొట్టంతో మంటను మళ్లించి ఆ పూరకాన్ని కరిగిస్తాడు. బొగ్గు, గొట్టం, పూరకం అన్నీ చేతికి అందేవే. శోధకం మాత్రం వెలిగారం.

ఈ పదనిర్మాణం పరిశీలించదగినది. ‘వెలి’ అంటే తెలుపు. వెలిదామరలో ఉన్నది ఇదే. క్షారానికి వికృతి అయిన కారం దానితో సమసించి వెలిగారం అయింది. తమిళంలో ఇదే పదార్థం వెంగారం. దక్షిణాది భాషలు ఆ పదార్థాన్ని దాని రంగును బట్టి పిలుచుకొన్నాయి. సంస్కృతంలో అది టంకణం. టిబెట్, లదాఖ్ ప్రాంతాల ఉప్పు సరస్సుల ఒడ్డున దొరికే ఈ పదార్థం కొండదారుల మీదుగా దేశమంతటికీ చేరింది. సంస్కృతపు టంకణమే పారశీకం మీదుగా ఐరోపా భాషలకూ ‘టింకల్’గా వెళ్లింది.

తెలుగులో టంకణానికి మరో గతి పట్టింది. వైద్యగ్రంథాల్లో టంకణం వెలిగారమే. పనివారి వాడుకలో టంకం మాత్రం పూరకం, అంటే అతికే లోహం. శోధకం పేరు పూరకానికి సంక్రమించిందని, శోధకానికి దేశ్యమైన వెలిగారం నిలిచిందని దీన్ని అర్థసంక్రమణగా వివరించవచ్చు. రెండు వస్తువులూ ఒకే క్షణంలో, ఒకే చోట మంటకు కరుగుతాయి కనుక ఈ సంక్రమణ సహజం. అయినప్పటికీ రెండింటికీ వేర్వేరు పేర్లు నిలుపుకొన్నారన్నది మన వాదానికి ముఖ్యం.

వెలిగారాన్ని అమ్మింది పనిముట్ల అంగడి కాదు, పచారీ కొట్టు. పసిపిల్లల నోటిపూతకు పొంగించిన వెలిగారం పూయడం తెలుగిళ్లలో ఎరిగిన చిట్కా. వెలిగారం బరువులో దాదాపు 47 శాతం నీరే. కాల్చితే అది పొంగి, నీరంతా పోయి, తెల్లని బెండు వలె మిగులుతుంది. కంసాలి కూడా చాలాసార్లు దాన్ని ముందుగా పొంగించే వాడతాడు. లేకుంటే మంట తగిలినప్పుడు అది ఉబ్బి టంకపు తునకను పక్కకు నెట్టివేస్తుంది. వైద్యుని పద్ధతి, కంసాలి పద్ధతి ఇక్కడ కలుస్తున్నాయి. ‘ఇంటి సామగ్రి’ అన్న మాటకు సరైన అర్థం ఇదే: ఇంట్లో పుట్టినది కాదు, ఇంటి అవసరానికి అప్పటికే ఇంట్లోకి వచ్చి ఉన్నది.

4. రాగి శాసనాల కడియం

ఈ పదజాలం సాహిత్య, చరిత్ర పరిశోధకులకు ఎందుకు అవసరమో చెప్పడానికి రాగి శాసనాలు చక్కని ఉదాహరణ. నెల్లూరు జిల్లా రాగి, శిలా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి 1905లో మూడు సంపుటాలుగా ప్రకటించారు. రాగిరేకుల శాసనంలో రేకులను ఒక కడియానికి గుచ్చి, దాని రెండు కొసలను రాజముద్ర అడుగున అతకడం ఆనవాయితీ. శాసనం తమ చేతికి వచ్చేనాటికి కడియం కోసి ఉన్నదా లేదా అన్నది శాసన పరిష్కర్తలు తప్పక నమోదు చేసే విషయం. కడియం కోయకుండా, అతుకు చెదరకుండా ఉంటే రేకును మార్చలేదనడానికి అది సాక్ష్యం. ఒక దానపత్రం ప్రామాణ్యం కొంతవరకు ఒక కంసాలి అతుకు మీద నిలిచిందన్న మాట.

ఆంగ్ల వివరణల్లో ఈ పనికి సాధారణంగా ఒకే క్రియ కనిపిస్తుంది. తెలుగులో అతికిన, టంకం వేసిన, పోతపోసి కలిపిన అని మూడు విధాలుగా చెప్పవచ్చు. ఈ మూడూ ఒకటి కావు. తగరపు టంకమైతే చిన్న మంటకే ఊడుతుంది. ఇత్తడి టంకమైతే ఊడదీసిన గుర్తు మిగులుతుంది. పోత అయితే కోయక తప్పదు. శాసన వివరణను తెలుగు చేసేవారు ఈ తేడాను ఎరిగి ఉంటే, కడియాన్ని మళ్లీ పరీక్షించవలసిన శాసనాలు ఏవో కూడా తెలిసివస్తుంది.

5. రాడ్డు రాక

విద్యుత్తుతో అతికే పద్ధతి 19వ శతాబ్దం చివర పుట్టింది. ఇనుప కడ్డీతో అతికినప్పుడు మొదట దానికి పూత ఉండేది కాదు. గాలిలోని ప్రాణవాయువు, నత్రజని కరిగిన ఇనుములో చేరి అతుకు బొరియలు పడి పెళుసుగా ఉండేది. స్వీడన్‌కు చెందిన ఆస్కార్ షెల్‌బెర్గ్ 20వ శతాబ్దం తొలి దశకంలో కడ్డీకి ఖనిజాల పూత పూసి ఈ లోపాన్ని సరిదిద్దాడు. ఆ పూత మండి వాయువుగా మారి అతుకును కప్పుతుంది. కరిగి చిట్టెంగా పైకి తేలుతుంది. మన దేశంలో అద్వానీ-ఓర్లికాన్ సంస్థ 1951లో ఏర్పడింది. తరువాతి దశాబ్దాల్లో పూత రాడ్లు చిన్న పట్టణాలకూ చేరాయి.

పదజాల దృష్టితో చూస్తే ఇక్కడ జరిగినది స్పష్టం. కడ్డీ పూరకం, పూత శోధకం. టంకమూ వెలిగారమూ ఒకే పుల్లగా కలిసి అంగడికి వచ్చాయి. రెండు వస్తువులు ఒకటైనప్పుడు రెండు మాటల అవసరం తీరిపోయింది. పూతలో వాడే ముడి పదార్థాల్లో అభ్రకపు పొడి ఒకటి. అభ్రక గనులకు పేరుపడిన గూడూరు, సైదాపురం ప్రాంతాలు ఈ తీరానికి చేరువలోనివే. అయినా రాడ్డు పూతకు తెలుగు పనివారి వాడుకలో ప్రత్యేకమైన పాత పేరేదీ సంక్రమించలేదు.

రాడ్డు కొనని చోట పాత విభజన మళ్లీ తలెత్తుతుంది. గ్యాసు మంటతో పనిచేసేవారు రాడ్డుకు బదులు కట్టుడు తీగను, సైకిలు పుల్లను పూరకంగా వాడతారు. ఇది పనికివస్తుంది, ఎందుకంటే సరైన పాళ్లలో మండే ఆ మంటే గాలిని దూరంగా ఉంచుతుంది, మెత్తని ఇనుముకు వేరే శోధకం అక్కరలేదు. అదే తీగను విద్యుత్తు అతుకులో వాడితే షెల్‌బెర్గ్‌కు పూర్వపు పెళుసు అతుకే వస్తుంది. ఇత్తడితో అతికేటప్పుడు పాత చెంబు తునకా పనికివస్తుంది, కాని పచారీ కొట్టు వెలిగారం తప్పనిసరి. పూరకాన్ని ఇంటినుంచి తెచ్చుకోవచ్చు, శోధకాన్ని ఊహించి వదిలేయలేం అన్న పాత సూత్రం నేటికీ చెల్లుతోంది.

ఇంటి సామగ్రి అన్నంత మాత్రాన అది నిరపాయం కాదు. జింకు పూసిన తీగ కాల్చితే వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది. వంటపాత్రకు సీసం కలిసిన మాటు ఆరోగ్యానికి హాని. నగల్లో కొంతకాలం టంకంగా చెలామణి అయిన కాడ్మియం పొగ కంసాలుల ఊపిరితిత్తులకే ముప్పు తెచ్చింది. పాత పద్ధతిని కీర్తించడం ఈ వ్యాసం లక్ష్యం కాదు. దాన్ని దాని మాటలతో సహా అర్థం చేసుకోవడమే.

6. నిఘంటువుల స్థితి

బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం (1885) కావ్యప్రయోగాలను ఆధారం చేసుకొన్నది. అంతకు ముందటి బ్రౌన్ నిఘంటువు (1852) వాడుక మాటలకూ చోటిచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలను, 1971 నాటి సంపుటం చేనేత పదాలను క్షేత్రపరిశోధనతో సేకరించి వృత్తిపదాల అధ్యయనానికి శాస్త్రీయమైన దారి చూపాయి. అయితే అతుకు అన్నది ఒక వృత్తికి చెందినది కాదు. కమ్మరి, కంచరి, కంసాలి, కళాయివారు, గ్యాసు వెల్డరు అందరికీ ఉమ్మడిది. వృత్తుల వారీగా పదాలు సేకరిస్తే అది ఐదు చోట్లకు చీలిపోతుంది. ఒక పని చుట్టూ, అంటే క్రియ ప్రధానంగా, పదాలను సేకరించే పద్ధతి ఇందుకు అవసరం.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి: కొలిమి అతుకు తప్ప మరే పద్ధతీ పూర్తిగా ఇంటి సామగ్రితో నడిచినది కాదు; పూరకం ఇంటిది, శోధకం గాని తగరం గాని దూరపు వర్తకం తెచ్చినది. రెండు: మాటు, అతుకు వంటి దేశ్యపదాలు, టంకం వంటి తత్సమభవాలు, కళాయి వంటి అన్యదేశ్యాలు ఈ వర్తక చరిత్రకు అద్దం పడుతున్నాయి. మూడు: పూరకాన్నీ శోధకాన్నీ వేరుగా చూసిన భాషాజ్ఞానం, రెండూ కలిసిన రాడ్డు వచ్చాక అవసరం తప్పి జారిపోతున్నది.

ఊదుగొట్టం పట్టిన తరంలో మిగిలినవారు వృద్ధులు. వారి పిల్లల్లో పలువురు వెల్డింగ్ దుకాణాల్లోనే పనిచేస్తున్నారు; చేసే పని దాదాపు అదే, మాటలే వేరు. తండ్రీ కొడుకులను ఒకేచోట కూర్చోబెట్టి, ఒకే అతుకును ఇద్దరి మాటల్లోనూ చెప్పించి నమోదు చేయడం తెలుగు శాఖలు ఇప్పుడే చేపట్టగల పని. ఆలస్యమైతే కొడుకు మాటలు మాత్రమే మిగులుతాయి.