ఊరి నీటి చరిత్ర – బడిపిల్లల చదువు

 

నీటిని గూర్చి మన పిల్లలకు ఏమి నేర్పవలయును, ఎట్లు నేర్పవలయును అను విషయమును నేడు మీతో ముచ్చటింప దలచితిని. నేను నూజివీటి ప్రాంతమున ముప్పది సంవత్సరములకు పైగా బడిపిల్లలకు తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను, శాస్త్రజ్ఞుడను గాను. అయినను నీటి కథ శాస్త్రజ్ఞులకు మాత్రమే చెందినది కాదు. అది మన తాతలు త్రవ్విన చెరువుతో నారంభమై, నేడు మన వాకిట నున్న కుళాయి వరకు నడచివచ్చిన చరిత్ర. ఆ చరిత్ర నెరుగని పిల్లవానికి నీటిని గూర్చి ఎన్ని నీతులు చెప్పినను అవి చెవిలో నిలువవు.

మన పూర్వులు సప్తసంతానములను పేర్కొనుచు పుత్రునితో పాటు తటాకమును గూడ చేర్చిరి. చెరువు త్రవ్వించుట వంశము నిలుపుటతో సమానమని వారి భావము. వారికి భక్తి యొక్కటే కాదు, లెక్కయు కలదు. కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువుకడ 1369 నాటి శిలాశాసన మొకటి కలదు. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలు పనిచేయగా, రాయి తోలుటకు నూరు బండ్లు నడువగా, రెండేండ్లలో పని ముగిసెనని ఆ శాసనము చెప్పుచున్నది. మంచి చెరువునకు పండ్రెండు సాధనములును, ఆరు దోషములును అందు చెప్పబడినవి. నీటి శాస్త్ర మెరిగినవా డుండుట, గట్టి నేల యుండుట, తీయని నీటి నది యుండుట సాధనములలోనివి. కట్టనుండి నీరు ఊరుట, నడుమ మెరక యుండుట, నీరు తక్కువై సాగునేల మిక్కుటమగుట దోషములలోనివి. చవుడు నేలయు నొక దోషమే. ఈ కడపటి మాటను మీరు జ్ఞాపకముంచుకొన గోరెదను. నేల గుణము నీటికి వచ్చునను సత్యము ఆ యొక్క మాటలో ఇమిడియున్నది. దానితో మనకు ముందు పని కలదు.

ఇక మా సీమ సంగతి. నూజివీటి పేరులోనే నువ్వుచేను కలదని మా పెద్దలందురు. నువ్వు మెట్టపంట. వానకు బ్రతుకు నేల మాది. అందుచేతనే వేరు లోతుగా దింపుకొను మామిడి ఇచట నిలిచి, చిన్నరసములతోను పెద్దరసములతోను మా యూరి పేరు దేశమంతట మ్రోగించినది. కొండలమీద కురిసిన వాన వాగులవెంట దిగి చెరువులలో చేరెడిది. పశువులకు, చాకిరేవునకు ఒక చెరువు. త్రాగుటకు వేరొక మంచినీళ్ళ చెరువు. అందు దిగి కాళ్ళు కడిగిన వానిని ఊరు ఊరంతయు మందలించెడిది. బిందెలోని బురద నీటిలో చిల్లగింజ అరుగదీసి తేర్చుకొనుట ఇంటింటి ఆచారము. దానినే సంస్కృతమున కతకమందురు.

వాన తప్పిన యేడు ఈ యేర్పాటులన్నియు చాలకపోయెడివి. 1832–33లో వచ్చిన నందన కరవున గుంటూరు మండలమందలి అయిదు లక్షల జనులలో సుమారు రెండు లక్షలమంది మరణించిరని ఆనాటి లెక్కలు చెప్పుచున్నవి. ఆ దుఃఖము తరువాతనే సర్ ఆర్థర్ కాటన్ దొర ఆలోచన ఫలించి గోదావరిపై 1852 నాటికి, బెజవాడ కడ కృష్ణపై 1855 నాటికి ఆనకట్టలు పూర్తియైనవి. 1952లో కృష్ణ ఆనకట్ట తెగిపోగా, దాని కెగువను కట్టిన ప్రకాశము బారేజి 1957లో సిద్ధమైనది. డెల్టా సస్యశ్యామలమైనది. కాని కాలువ నీరు పల్లమునకే గదా పోవును! ఏలూరు కాలువ మా మెట్టకు దిగువనే సాగిపోయినది. నాగార్జునసాగరపు ఎడమ కాలువ ఈ సీమకు వచ్చినను, మాది ఆ కాలువ చివరి భూమి. చివరి భూమివాని కష్టము మీలో చాలమందికి నేను చెప్ప నక్కరలేదు.

ఇంతవరకు నీరు చాలునా చాలదా యన్న ప్రశ్నయే. నీరు మంచిదా కాదా యన్న ప్రశ్న మరియొక త్రోవన వచ్చినది. 1854లో లండను నగరమున ఒక వీధిలో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అను వైద్యుడు చనిపోయినవారి ఇండ్లను పటముమీద గుర్తించి, వారిలో పెక్కుమంది ఒకే పంపునీరు త్రాగినట్లు కనిపెట్టెను. 1884లో రాబర్టు కోఖ్ అను జర్మను పండితుడు కలకత్తాలో కలరా క్రిమిని ఒక చెరువు నీటిలోనే చూచెను. తేటగా కనబడు చెరువునీరే ఊరిని చంపగలదని లోకమునకు తెలిసినది. చిల్లగింజ బురదను అణచును గాని, క్రిమికి దానిని నమ్మి యుండరాదు.

అందుచేత చెరువును వీడి నేల లోపలి నీటిని త్రాగుడని ప్రభుత్వములు బోధించినవి. 1970వ దశకము మొదలు చేతిపంపులు, ఆపైన విద్యుత్తు బోరులు ఊరూర వెలసినవి. దానివలన ఎన్నో ప్రాణములు నిలిచిన మాట సత్యము. అయితే నేల గుణము నీటికి వచ్చునని పోరుమామిళ్ళ శాసనము చెప్పిన సంగతి ఇచట మరల ఎదురైనది. 1937లోనే, నాటి నెల్లూరు మండలములో, పొదిలి దర్శి ప్రాంతములందు ఎముకలు బిగిసి నడుము వంగిన మనుష్యులను వైద్యులు పరిశీలించి, ఆ రోగమునకు మూలము బావినీటిలోని ఫ్లోరైడు అని తేల్చిరి. భారతదేశములో ఈ వ్యాధిని మొదట గుర్తించినది మన తెలుగునేలమీదనే. నల్లగొండ మండలము ఇదే బాధను తరతరముగ అనుభవించినది. పటికయు సున్నమును వేసి ఫ్లోరైడును తగ్గించు పద్ధతికి నల్లగొండ పేరే నిలిచినది. పొరుగుదేశమగు బంగ్లాదేశము సంగతి ఇంకను భయంకరము. చెరువునీటి రోగములు తప్పించుటకై అచట లక్షలాది గొట్టపుబావులు దింపిరి. 1993లో ఆ నీటియందు పాషాణము, అనగా ఆర్సెనికు, కనబడినది. కోట్లాది జనులు దాని వాత బడిరి. ఆ నీరు తేటగ నుండెను; చల్లగ నుండెను; వాసనయు రుచియు తేడా లేకుండెను.

అంత దూర మేల? మా నూజివీటి పొరుగుననే, నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఏ. కొండూరు మండలపు తండాలలో మూత్రపిండముల వ్యాధి ఎన్నో యిండ్లను కూల్చినది. శ్రీకాకుళపు ఉద్దానమునను ఇదే వ్యథ. మూలకారణ మిదియేయని పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు గాని, తండాలలో అనుమానము బోరునీటిమీదికి పోయినది. కృష్ణనీటిని అచటికి తెచ్చు పనిని ప్రభుత్వము చేపట్టినది. కూలికి పోవు గృహస్థు వారమునకు రెండు మూడుమార్లు రక్తశుద్ధికై ఆసుపత్రికి పోవలసివచ్చిన ఆ కుటుంబపు గతి యేమో ఆలోచింపుడు.

లోకమంతటను ఇదే చింత. 2010 జూలై 28న ఐక్యరాజ్యసమితి పరిశుద్ధజలమును మానవహక్కుగా ప్రకటించినది. అయినను 2022 నాటి లెక్కలలో 220 కోట్ల జనులకు సురక్షితమగు త్రాగునీటి వసతి లేదు. మన దేశమున 2019 ఆగస్టులో జలజీవన ప్రణాళిక ప్రారంభమగునప్పటికి మూడుకోట్ల పైచిలుకు గ్రామీణ గృహములకే కుళాయి యుండగా, 2025 నాటికి ఆ సంఖ్య పదునైదు కోట్లు దాటినది. ఇది గొప్ప పనియే. కాని కుళాయి వచ్చుట ఒకటి, అందు నీరు వచ్చుట వేరొకటి, ఆ నీరు మంచిదని తెలియుట మూడవది. ఈ మూడవదియే చదువు చేయవలసిన పని.

1991లో సర్వోన్నత న్యాయస్థానము పరిసరముల విద్యను బడులలో తప్పనిసరి చేయవలయునని ఆదేశించినది. నాటినుండి పాఠములున్నవి, గోడలపై చిత్తరువులున్నవి. నీటిని వృథా చేయరాదని పిల్లలందరును వల్లింతురు. తమ యింటి నీటిలో నేమున్నదో చెప్పగలవా డొక్కడును కనబడడు. నేను బడిలో నున్న కాలమున ఒకనాడు పిల్లలను చెరువునీరు, బోరునీరు, కుళాయినీరు మూడు సీసాలలో తెమ్మంటిని. ఏది మంచిదని యడుగగా అందరును మిలమిల మెరయు బోరునీటినే చూపిరి. పరీక్షింపగా అందులోనే ఫ్లోరైడు లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములను మించియున్నది. అది మితికి మించినదే. అప్పుడొక బాలిక లేచి, "మాస్టారండీ, మా అమ్మ రోజూ నీళ్ళు కాచే ఇస్తుందండీ. కాస్తే ఇది పోదాండీ?" అని యడిగినది. పోదమ్మా యని చెప్పితిని. కాచినచో క్రిములు చచ్చును, ఫ్లోరైడు చావదు. నీరు ఆవిరియై తగ్గినకొలది అది మరింత చిక్కనగును. ఆ బాలిక ఆనాడు ఇంటికి పోయి తల్లితో చెప్పిన మాటకు నా పాఠము లేవియు సాటిరావు. తల్లి చేయుచున్న పని మంచిదే. ఏ దోషమునకు ఏ మందో తెలియుట దానికి తోడు కావలయును.

కావున నా మనవి యిది. పిల్లలకు మూడు పనులు నేర్పుదము. మొదటిది, ఊరి నీటిత్రోవ నడచి చూచుట: వాన ఎచట పడి, ఏ వాగున దిగి, ఏ చెరువు చేరి, ఏ తూమున పోవుచున్నదో, ఆ త్రోవ ఎవరు పూడ్చిరో కన్నులార చూడవలయును. రెండవది, పరీక్షించుట. ఊరికి ఐదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పి పేటిక లీయవలయునని జలజీవన ప్రణాళిక విధించినది. మన యూరిలో వారెవరో కనుగొని, పిల్లలయెదుట ఆ పరీక్ష చేయింపవలయును. క్రిములున్నచో ఒకటి రెండు దినములలో సీసాలోని నీరు నల్లబడును. అది చూచిన పిల్లవానికి చేయి కడుగుకొమ్మని వేరుగ చెప్ప నక్కరలేదు. వానకు ముందొకసారి, వాన తరువాత నొకసారి వచ్చిన ఫలితమును బడిగోడమీద వ్రాయింపవలయును. మూడవది, లెక్క: ఇంటికి దినమునకు ఎన్ని బిందెలు కావలెను, వానిని మోయుచున్న దెవరు? ఈ లెక్క వ్రాసిన మగపిల్లవాడు తల్లి నడుమునొప్పిని అర్థము చేసికొనును.

ఇందు వృద్ధుల పని యేమందురా? చెరువు త్రోవ తెలిసినవారు మీరే. ఏ యేట కట్ట తెగినదో, ఏ బావి తీయనిదో, ఏ బావి పప్పు ఉడుకనిదో మీకే తెలియును. పుస్తకమున లేని యీ చరిత్ర మీతోనే పోకుండ, వారమునకొక గడియ బడికి పోయి పిల్లలకు చెప్పుడు. పంచాయతి సభలో మా బడిపిల్లలు త్రాగు నీటి పరీక్షాఫలిత మెచటనని యడుగుడు. యువకు డడిగిన తగవందురు. పెద్ద లడిగిన జవాబు చెప్పకతప్పదు.

పోరుమామిళ్ళలో శాసనము చెక్కించినవారు చెరువు కట్టి యూరకుండక, దాని గుణదోషములను రాతిమీద వ్రాయించి మనకు విడిచిరి. మన బోరులకు, మన కుళాయిలకు అట్టి వ్రాత యొకటి బడిగోడమీద సుద్దతోనైన లేకపోయినచో, మన మనుమలు తేటనీటిని చూచి మంచినీరనియే నమ్ముదురు. ఆ నమ్మకము ఎంత ఖరీదైనదో ఏ. కొండూరు తండాలలోని యిండ్లకు తెలియును.