సంచిలో ఒదిగిన తెడ్డు

1821 సెప్టెంబరు నెలాఖరు. కెనడా ఉత్తరాన కాపర్‌మైన్ నది ఒడ్డున బ్రిటిష్ నౌకాధికారి జాన్ ఫ్రాంక్లిన్ దళం ఆగిపోయింది. తిండి లేదు, మంచు మొదలైంది, మోసుకొస్తున్న పడవలు దారిలోనే పోయాయి. అవతలి ఒడ్డు కళ్ళకు కనిపిస్తూనే ఉంది. పచ్చి విల్లో కొమ్మలు నరికి మోపులు కట్టి తెప్ప చేశారు. ఒక మనిషిని మోసేంతగా అది తేలింది కూడా. కానీ దాన్ని ముందుకు నడపటానికి వాళ్ళ దగ్గరున్నది ఒకే ఒక్క తెడ్డు. దళంలోని వైద్యుడు జాన్ రిచర్డ్‌సన్ సముద్రతీరం నుంచి తెచ్చిన ఆ తెడ్డు ఎదురుగాలికి చాలలేదు. గుడారపు కర్రలు కలిపి కట్టి గెడలా వాడబోతే అది నది అడుగును అందుకోలేదు. రిచర్డ్‌సన్ నడుముకు తాడు కట్టుకుని ఈదబోయి చలికి కొయ్యబారిపోయాడు. ఒడ్డునున్నవాళ్ళు లాగేయబట్టి బతికాడు. చివరికి పియర్ సెయింట్ జర్మైన్ అనే దళసభ్యుడు గుడ్డ చుట్టి ఒక చిన్న పడవ కట్టాడు. అందులో ఒక్కొక్కరే దాటేసరికి వారం పైనే గడిచింది. యాత్రలో ఉన్న 20 మందిలో 11 మంది తిరిగి రాలేదు.

ఈ విషాదం ఇంగ్లండులో ఇంటింటా తెలిసిన కథ. హడ్సన్స్ బే కంపెనీ వ్యవహారాలు చూసిన జాన్ హాల్కెట్ ఇంట్లో మరీ తెలుసు. ఆయన కొడుకు పీటర్ హాల్కెట్ నౌకాదళంలో లెఫ్టినెంటు. ఆర్కిటిక్ వెళ్ళే మనిషి పడవను వీపున మోయగలగాలి, కుదిరితే ఒంటికే తొడుక్కోగలగాలి అన్నది అతని పట్టుదల. 1840ల్లో అతను చేసి చూపించింది నిజంగా తొడుక్కునే పడవే. చార్లెస్ మకింతోష్ కనిపెట్టిన రబ్బరు పూత గుడ్డతో కుట్టిన పెద్ద అంగీ అది. పరిచి, చిన్న కొలిమితిత్తితో గాలి కొడితే కొద్ది నిమిషాల్లో ఒక మనిషిని మోసే పడవ అయ్యేది. ఒక చోట చిరిగినా మునగకుండా గాలి అరలను విడివిడిగా కుట్టాడు.

ఆ పడవకు తెడ్డు ఎక్కడిది? ఇక్కడే హాల్కెట్ అసలు తెలివి కనిపిస్తుంది. ఆనాటి పెద్దమనిషి చేతిలో ఎలాగూ ఉండే చేతికర్రనే అతను తెడ్డు కాడగా వాడుకున్నాడు. చివర తగిలించే పలక అంగీ జేబులో ఉండేది. చేతిలోని గొడుగు తెరచాప అయ్యేది. 1848లో అచ్చువేసిన పుస్తకం పేరులోనే అంగీ పడవతో పాటు గొడుగు తెరచాప, చేతికర్ర తెడ్డు, కొలిమితిత్తి అన్నీ ఏకరువు పెట్టాడు. తెడ్డు లేని పడవ పడవే కాదన్న సంగతి కాపర్‌మైన్ ఒడ్డు నుంచి సరిగ్గా నేర్చుకున్నవాడు అతనే.

హాల్కెట్ థేమ్స్ నదిలో తన పడవ నడిపి చూపించాడు. బిస్కే అఖాతంలోనూ పరీక్షించాడు. నౌకాదళ పెద్దలు మెచ్చుకున్నారు గానీ, అన్వేషణ యాత్రలకు పనికొస్తుందేమో, మామూలు నౌకాదళ సేవకు పనికిరాదు అని తేల్చేశారు. అన్వేషకులు మాత్రం వదల్లేదు. సంచిలో మోసుకెళ్ళే పెద్ద రకాన్ని ఆర్క్నీ దీవులకు చెందిన జాన్ రే 1846లో ఆర్కిటిక్ యాత్రకు తీసుకెళ్ళాడు. వలలు వేయటానికి, తీయటానికి వారాల తరబడి దాన్నే వాడి మెచ్చుకున్నాడు. ఒక హాల్కెట్ పడవ ఇప్పటికీ ఆర్క్నీలోని స్ట్రామ్‌నెస్ మ్యూజియంలో ఉంది.

రెండు చివర్లా పలకలున్న తెడ్డు మాత్రం యూరప్ సృష్టి కాదు. అది ఆర్కిటిక్ తీరవాసులది. గ్రీన్‌లాండ్ ఇన్యుయిట్లు సముద్రం కొట్టుకొచ్చిన కొయ్యను సన్నగా, పొడవుగా చెక్కి, మంచుగడ్డలకు అరిగిపోకుండా అంచులకు ఎముక బిగించేవారు. వాళ్ళ తెడ్డు ఒకే ముక్క. కయాక్ అనే వాళ్ళ పడవ ఉండేది నీటి పక్కనే, ఇల్లూ నీటి పక్కనే. తెడ్డును విడదీసే అవసరం వాళ్ళకెప్పుడూ రాలేదు. కృష్ణ, తుంగభద్రల మీద పుట్టి నడిపేవాళ్ళదీ అదే తీరు. రేవు నుంచి ఇంటికి పుట్టిని బోర్లించి నెత్తిన మోసుకుపోతారు, తెడ్డు చేతిలో ఉంటుంది.

తెడ్డును రెండుగా కోయించింది రైలు.

1865లో స్కాట్లండు న్యాయవాది జాన్ మెక్‌గ్రెగర్ రాబ్ రాయ్ అనే కొయ్య పడవతో యూరప్ నదుల్లో తిరిగాడు. మరుసటి ఏడాది వచ్చిన ఆయన పుస్తకం వేలమందికి పడవ పిచ్చి పట్టించింది. ఆయన చేతిలోది ఏడడుగుల జంటపలకల తెడ్డు. నదికీ నదికీ మధ్య పడవను రైలెక్కించేవాడు, బండి మీద లాగించేవాడు. డబ్బూ తీరికా ఉన్నవాళ్ళకే చెల్లే వినోదం అది. సామాన్యుడికి అందాలంటే పడవ రైలుపెట్టెలోకి చేతిసామానుగా రావాలి.

1905లో మ్యూనిక్‌లో వాస్తుశిల్పం చదువుతున్న ఆల్‌ఫ్రెడ్ హోయ్‌రిష్ వెదురు కర్రల చట్రానికి తెరచాప గుడ్డ తొడిగి, విప్పి సంచుల్లో సర్దుకోగల పడవ చేశాడు. డెల్ఫిన్ అని పేరు పెట్టి ఇసార్ నదిలో బాడ్ టోల్జ్ నుంచి మ్యూనిక్ దాకా నడిపాడు. రోజెన్‌హైమ్‌లో దర్జీ పని చేసే యోహాన్ క్లెపర్ 1907లో ఆ పడవ తయారీ హక్కు కొన్నాడు. గుడ్డ, కుట్టు తెలిసిన మనిషి చేతికి చేరటం ఆ పడవ అదృష్టం. తర్వాతి ఇరవై ఏళ్ళలో శనివారం సాయంత్రం సంచులతో రైలెక్కి నది ఎగువన దిగి, ఆదివారమంతా ప్రవాహంతో పాటు దిగివచ్చే మడత పడవవాళ్ళతో దక్షిణ జర్మనీ నదులు నిండిపోయాయి. వాళ్ళందరి సంచుల్లోనూ నడిమికి విడిపోయే తెడ్డు ఉండేది.

ఆ అతుకు చూడటానికి చిన్నదే. రెండు కాడల చివర్లకు ఇత్తడి పొన్నులు, ఒకటి రెండో దాంట్లోకి బిగుతుగా దూరేలా. పక్కన ఒక రంధ్రం, అందులో మేకో స్ప్రింగు బొడిపో. దాన్ని సరిగ్గా కాడ నడుమే పెట్టటానికి మోసుకెళ్ళే సౌకర్యం ఒక్కటే కారణం కాదు. తెడ్డు వేసేటప్పుడు కాడ మీద వంపు బలం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. నీటిలోని పలక నుంచి కింది చేతి దాకా పెరుగుతూ వచ్చి, అక్కడ అత్యధికమై, పై చేతి వైపు తగ్గిపోతుంది. చేతులు రెంటికీ మధ్యలో ఉన్న అతుకు మీద సగం భారమే పడుతుంది. అదే అతుకు పిడికిలి కింద ఉంటే తెడ్డు విరిగేది అక్కడే. ఈ లెక్క కాగితం మీద వేశారో, విరిగిన తెడ్లను చూసి తెలుసుకున్నారో గానీ, ఆనాటి పనివాళ్ళు అతుకును సరైన చోటే పెట్టారు.

నడుమ అతుకు ఉండటం వల్ల ఇంకో లాభం దొరికింది. గాలికి ఎదురు వెళ్ళేటప్పుడు పైకి లేచిన పలక గాలిని అడ్డుకుని చేతుల్ని వెనక్కి నెడుతుంది. రెండు పలకలూ ఒకదానికొకటి అడ్డంగా తిరిగి ఉంటే పై పలక అంచు గాలిని కోసుకుంటూ పోతుంది. ఒకే ముక్క తెడ్డులో ఈ కోణాన్ని చెక్కేటప్పుడే తేల్చుకోవాలి, మళ్ళీ మార్చలేం. పొన్నుకు రెండు మూడు రంధ్రాలుంటే గాలిని బట్టి, చేతివాటాన్ని బట్టి ఒడ్డునే మార్చుకోవచ్చు. సంచి కోసం పుట్టిన అతుకు పడవ నడిపే పద్ధతినే సులువు చేసింది.

దాని బలహీనతా అక్కడే ఉంది. ఇసుక రేణువు పొన్నులోకి దూరితే ఇరుక్కుని ఊడిరాదు, లేదా లోపలి గోడను గీకేసి వదులు చేస్తుంది. పది సెంటీమీటర్ల పొన్నులో అర మిల్లీమీటరు సందు ఏర్పడిందంటే మీటరు దూరంలోని పలక చివర అర సెంటీమీటరు ఊగుతుంది. రోజుకు వేలసార్లు తెడ్డు వేసేవాడికి ఆ ఊపు మణికట్టు నొప్పిగా తెలుస్తుంది.

ఈ తెడ్లు ఎంత దూరం పోగలవో చూపించినవాడు ఆస్కర్ స్పెక్. 1932లో జర్మనీలోని ఉల్మ్ దగ్గర డాన్యూబ్‌లో మడత పడవ దింపాడు. ఆర్థిక మాంద్యంలో పని పోయిన మనిషి, సైప్రస్ వెళ్ళి గనుల్లో పని వెతుక్కుందామని బయల్దేరాడు. సైప్రస్ దాటాక ఆగలేదు. పర్షియన్ గల్ఫ్ గుండా వచ్చి భారత పడమటి తీరం దిగి, సింహళం చుట్టి, మద్రాసు, కలకత్తాల మీదుగా బర్మా వైపు సాగాడు. తెలుగు తీరం అతని దారిలోదే. ఏడేళ్ళలో సుమారు 50 వేల కిలోమీటర్లు ప్రయాణించి 1939 సెప్టెంబరులో టోరెస్ జలసంధి దీవులకు చేరాడు. అప్పటికే యుద్ధం మొదలైంది. ఆస్ట్రేలియా పోలీసులు శత్రుదేశస్థుడని నిర్బంధించారు. అతని సామగ్రి, ఫొటోలు ఇప్పుడు సిడ్నీలోని ఆస్ట్రేలియా జాతీయ సాగర మ్యూజియంలో ఉన్నాయి. ఇంత పెద్ద యాత్ర చేసిన మనిషి పేరు మన తీరంలో ఎవరికీ తెలియకపోవటం బాధ కలిగిస్తుంది.

1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో మడత పడవలకు 10 వేల మీటర్ల పోటీలు పెట్టారు. ఒలింపిక్స్‌లో అవి ఉన్నది ఆ ఒక్కసారే.

యుద్ధం మడత పడవను వినోదం నుంచి లాక్కుపోయింది. డాన్యూబ్‌లో మడత పడవ మీద హనీమూన్ గడిపిన బ్రిటిష్ సైనికుడు రోజర్ కోర్ట్నీ 1940లో పైవాళ్ళను ఒప్పించటానికి రాత్రివేళ గ్లెన్‌గైల్ ఓడ దగ్గరకు పడవలో పోయి, ఎవరికంటా పడకుండా ఎక్కి, తుపాకి మీది తొడుగు ఎత్తుకొచ్చాడు. తడి బట్టలతోనే అధికారుల ముందు దాన్ని పడేశాడు. బ్రిటిష్ స్పెషల్ బోట్ సర్వీసుకు అదే మొదలు. నూరేళ్ళ కిందట నౌకాదళ పెద్దలు చెప్పిన మాట తప్పని అలా తేలింది.

1942 డిసెంబరు 7 రాత్రి ట్యూనా జలాంతర్గామి ఫ్రాన్స్ తీరంలో అయిదు చిన్న పడవలను నీటిలోకి దింపింది. కాకిల్ మార్క్ 2 అనే ఆ పడవకు అడుగు ప్లైవుడ్, పక్కలు కాన్వాసు. జలాంతర్గామి ఇరుకు ద్వారంలో పట్టేలా పల్చగా అణిగిపోయేది. మేజర్ హెర్బర్ట్ హాస్లర్ నాయకత్వంలో పదిమంది మెరీన్లు జిరోండ్ నదీముఖం గుండా బోర్డో రేవు దాకా పోయి జర్మన్ల సరుకు ఓడలకు మందుపాతరలు అంటించాలి. పగలు రెల్లుపొదల్లో దాక్కోవటం, రాత్రి పోటుతో పాటు పోవటం.

జంటపలకల తెడ్డు వేగానికి మంచిదే. కానీ ప్రతి ఊపుకూ ఒక పలక తల పైకి లేస్తుంది, తడి పలక వెలుగుకు మెరుస్తుంది, నీళ్ళు టపటపా రాలతాయి. కాపలాదారు చెవిన పడటానికి అది చాలు. అందుకని శత్రువు దగ్గర పడగానే మెరీన్లు తెడ్డును నడిమికి విడదీసి ఒంటిపలకతో, వంగి కూర్చుని, నీటికి ఆనించి నిశ్శబ్దంగా వేసేవారు. రైలుపెట్టెలో పట్టటానికి పుట్టిన అతుకు ఇక్కడ ప్రాణాలు కాచే ఉపాయమైంది. రెండు పడవలే బోర్డో చేరి ఓడలకు మందుపాతరలు పెట్టగలిగాయి. పదిమందిలో ఇంటికి తిరిగొచ్చింది హాస్లర్, బిల్ స్పార్క్స్ ఇద్దరే. ఆరుగురిని జర్మన్లు పట్టుకుని చంపారు, ఇద్దరు చలినీటిలో పోయారు.

ఆ తర్వాత కొయ్య స్థానంలోకి అల్యూమినియం, గాజునార, కార్బన్ నార వచ్చాయి. కాడ బోలుగా మారటంతో లోపల స్ప్రింగు బొడిపె, పైన బిగించే మీట అమర్చటం తేలికైంది. ఈ శతాబ్దం మొదట్లో అలాస్కాలో షెరీ టింగీ తయారు చేసిన అల్పకా రాఫ్టులతో వీపుసంచిలో పట్టే గాలి పడవలు మళ్ళీ ఊపందుకున్నాయి. కొండెక్కి నది దిగే ఈ యాత్రికులకు 110 సెంటీమీటర్ల సగం తెడ్డు కూడా పొడవే. వాళ్ళ కోసం నాలుగు ముక్కల తెడ్డు మామూలైంది. విప్పితే ఒక్కో ముక్క 60 సెంటీమీటర్ల చిల్లర. కొత్తగా చేరిన రెండు అతుకులు చేతులకూ పలకలకూ మధ్య ఉంటాయి గనుక వాటి మీద పట్టు గట్టిగా ఉండాలి. అతుకు పెరిగేకొద్దీ బరువూ పెరుగుతుంది, ఊపూ పెరుగుతుంది. అందుకే ఎంత తెలివైన నమూనా వచ్చినా, నడిమి అతుకు ఒక్కటే ఉన్న తెడ్డును మించిన మడత తెడ్డు ఇంకా రాలేదనే చెప్పాలి. సముద్రంలో కయాక్ నడిపేవాళ్ళు పడవ పైభాగాన విడిగా కట్టుకునే అదనపు తెడ్డు నేటికీ ఈ రెండు ముక్కలదే.

అలాంటిది కొనబోయేవారు ధర, బరువు అడిగేలోగా దాన్ని బిగించి, పలకలు రెండూ పట్టుకుని మెలితిప్పి చూడాలి. అతుకు టక్కుమంటే ఆ తెడ్డు వద్దు. కొన్నాక ఉప్పునీటిలో వాడిన రోజే విప్పి, మంచినీటితో కడిగి, ముక్కలను విడివిడిగా ఆరబెట్టాలి.